కేంద్రకం వాకిట్లో రాన్‌బీపీ2: రవాణా ఒక్కటేనా దాని పని?

(నెల్లూరులో జంతుశాస్త్రం, బయోటెక్నాలజీ పీజీ విద్యార్థులు, అధ్యాపకులు, కొందరు వైద్య విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని ఎత్తి రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకు వినపడుతోందా? బోర్డు మీద బొమ్మ కనపడకపోతే ముందుకొచ్చి కూర్చోండి. కణ కేంద్రకం పొరలో ఉండే రంధ్రాల బొమ్మ ఇది. ఆ రంధ్రం నోటి దగ్గరుండే రాన్‌బీపీ2 అనే పెద్ద ప్రొటీన్ గురించే ఇవాళ మాట్లాడుకునేది. ఈ పూటంతా ఈ బొమ్మతోనే మనకు పని.

మొదట ఒక ప్రశ్న. కేంద్రకంలో ప్రొటీన్ తయారవుతుందా? తయారు కాదు. ప్రొటీన్లను కట్టే రైబోసోములు పని చేసేది బయట, కణద్రవ్యంలో. మరి కేంద్రకం లోపల ఉండే హిస్టోన్లు (డీఎన్ఏ చుట్టుకునే ప్రొటీన్లు), డీఎన్ఏను కాపీ చేసే డీఎన్ఏ పాలిమరేజ్, జన్యువులను నడిపించే ప్రొటీన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అన్నీ బయట పుట్టి లోపలికి పోయినవే. జన్యువు సందేశాన్ని మోసే ఎంఆర్ఎన్ఏ ఏమో లోపల పుట్టి బయటికి రావాలి. రైబోసోము సంగతి ఇంకా చిత్రం. దాని ప్రొటీన్లు బయట తయారై లోపలికి పోతాయి, అక్కడ ఆర్ఎన్ఏతో జతకట్టి, సబ్‌యూనిట్లుగా మళ్లీ బయటికొస్తాయి.

ఇదంతా ఎంత జోరుగా జరుగుతుందో లెక్క చూద్దాం. డీఎన్ఏ రెట్టింపవుతున్న క్షీరద కణానికి మూడు నిమిషాలకు దాదాపు 10 లక్షల హిస్టోన్ అణువులు లోపలికి కావాలి. ఒక్కో కేంద్రకానికి సుమారు 3,000 రంధ్రాలు. భాగించండి. ఒక్కో రంధ్రం గుండా నిమిషానికి వంద పైచిలుకు హిస్టోన్లు. అవి హిస్టోన్లు మాత్రమే, మిగతా సరుకు వేరే. రంధ్రం సామర్థ్యం సెకనుకు వెయ్యి రాకపోకల దాకా ఉంటుందని కొలిచారు, కాబట్టి ఈ భారం దానికి పెద్ద లెక్క కాదు.

మన జిల్లాలో రొయ్యల చెరువులున్న వాళ్లకు వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు గురించి వివరించక్కర్లేదు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు పక్క ఎవరినడిగినా చెప్తారు. దాన్ని తెచ్చేది డీఎన్ఏ వైరస్. పెరిగేది రొయ్య కణంలోని కేంద్రకంలో. జబ్బుపడిన రొయ్య మొప్పను కోసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఉబ్బిపోయిన కేంద్రకాలు కనపడతాయి, అదే దాని గుర్తు. ఆ వైరస్ ప్రొటీన్లు కూడా బయటే తయారవుతాయి, కొత్త వైరస్‌ను కట్టడానికి లోపలికి చేరాలి. ఏ దారిన? ఈ రంధ్రాల దారినే. అందుకే ఇది మనకు దూరపు విషయం కాదని మొదటే చెప్తున్నా.

ఇప్పుడు బొమ్మ చూడండి. కేంద్రకానికి రెండు పొరలు. ఆ రెండూ అక్కడక్కడా కలిసిపోయి రంధ్రం ఏర్పడుతుంది. 1950లో కలన్, టామ్లిన్ ఉభయచరాల అండకణాల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో వీటిని చూశారు. రంధ్రం అంటే ఉత్త బెజ్జం అనుకునేరు. దాదాపు 30 రకాల ప్రొటీన్లు, మొత్తం కలిపి వెయ్యి అణువుల దాకా చేరి కట్టిన నిర్మాణం అది. మనిషి కణంలో దాని బరువు 100 మెగాడాల్టన్లు దాటుతుంది (డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు; కిలో అంటే వెయ్యి, మెగా అంటే పది లక్షలు). బయటి వెడల్పు సుమారు 120 నానోమీటర్లు. పైనుంచి చూస్తే ఎనిమిది ఒకే రకం భాగాలు చుట్టూ పేర్చినట్టుంటుంది. కేంద్రకం లోపలి వైపు బుట్ట ఆకారం, కణద్రవ్యం వైపు బయటికి చాచిన తంతువులు. ఈ తంతువుల్ని గుర్తుపెట్టుకోండి, మన కథానాయకి అక్కడే ఉంది.

మధ్య కాలువ ఖాళీగా ఉండదు. ఫినైల్ అలనిన్, గ్లైసిన్ జంట మళ్లీ మళ్లీ వచ్చే పొడవాటి ప్రొటీన్ తోకలు అక్కడ అల్లుకుపోయి ఉంటాయి. వీటిని ఎఫ్‌జీ తోకలంటారు. సుమారు 40 కిలోడాల్టన్ల లోపు చిన్న ప్రొటీన్లు వాటి మధ్య నుంచి వాటంతటవే జారిపోతాయి. అంతకంటే పెద్దవి పోలేవు, పోయినా బాగా నిదానంగా పోతాయి. పెద్దవి పోవాలంటే వాహక ప్రొటీన్ తోడుండాలి. లోపలికి తీసుకెళ్లేది ఇంపార్టిన్, బయటికి తెచ్చేది ఎక్స్‌పార్టిన్. వాహకం ఆ ఎఫ్‌జీ జంటల్ని తాకుతూ, వదులుతూ, తాకుతూ, వదులుతూ దాటిపోతుంది. గట్టిగా అంటుకుంటే అక్కడే ఇరుక్కుపోతుంది కదా. అందుకే ఒక్కో అంటు చాలా బలహీనం, కానీ అంటులు చాలా.

ఏ ప్రొటీన్‌ను తీసుకెళ్లాలో ఇంపార్టిన్‌కు ఎట్లా తెలుస్తుంది? ప్రొటీన్‌లోనే చిన్న గుర్తు ఉంటుంది. ఎస్‌వీ40 అనే కోతుల వైరస్ ప్రొటీన్‌లో దొరికిన గుర్తు ఏడే అమైనో ఆమ్లాలు: ప్రోలిన్, లైసిన్, లైసిన్, లైసిన్, ఆర్జినిన్, లైసిన్, వాలిన్. 1984లో చూపించారు. అందులో మూడో స్థానంలో ఉన్న లైసిన్ ఒక్కటి మారిస్తే చాలు, ప్రొటీన్ మొత్తం కణద్రవ్యంలోనే ఆగిపోతుంది. ఒక్క లైసిన్! పరీక్షల్లో రాసేటప్పుడు "పాజిటివ్ చార్జి ఉన్న అమైనో ఆమ్లాలు" అని రాసి వదిలేస్తారు మీరు. ఏ స్థానమో రాయండి, మార్కు సంగతి పక్కన పెట్టినా విషయం అక్కడే ఉంది.

సరే, లోపలికి పోయింది. మరి వాహకం సరుకును లోపలే ఎందుకు దించుతుంది? బయటే ఎందుకు దించదు? ఇక్కడికొచ్చేసరికి చాలామంది పొరపాటు పడతారు. రంధ్రం ఏదో పంపు లాగా తోస్తుందనుకుంటారు. సోమశిల జలాశయాన్ని తలుచుకోండి. తూము ఎత్తితే నీళ్లు కాలవకు దిగుతాయి. తూము నీళ్లను తోస్తుందా? తోయదు. నీటిమట్టం పైన ఎక్కువ, కింద తక్కువ, అంతే. రంధ్రం కూడా తోయదు. ఇక్కడ నీటిమట్టం బదులు రాన్ అనే చిన్న ప్రొటీన్, 216 అమైనో ఆమ్లాలది. జీటీపీ అంటే కణం శక్తికి వాడే ఏటీపీ లాంటి అణువు. జీటీపీ పట్టుకున్న రాన్ కేంద్రకంలో ఎక్కువ, బయట చాలా తక్కువ. ఈ తేడాను నిలబెట్టేది ఇద్దరు. లోపల క్రొమాటిన్‌కు అంటుకున్న ఆర్‌సీసీ1 అనే ప్రొటీన్ రాన్‌కు కొత్త జీటీపీ ఎక్కిస్తుంది. బయట ఉన్న రాన్‌గ్యాప్1 ఆ జీటీపీని విరగ్గొట్టిస్తుంది.

ఇంపార్టిన్ సరుకుతో లోపలికి పోతుంది. అక్కడ రాన్ జీటీపీ వచ్చి ఇంపార్టిన్‌ను పట్టుకోగానే సరుకు జారిపోతుంది. ఆ ఇంపార్టిన్, రాన్ జంట బయటికి వస్తుంది. బయట జీటీపీ విరుగుతుంది, ఇంపార్టిన్ ఖాళీ అవుతుంది, మళ్లీ సరుకెత్తుకుంటుంది. ఎక్స్‌పార్టిన్ సరిగ్గా తిరగబడి పని చేస్తుంది: రాన్ జీటీపీ ఉంటేనే సరుకును పట్టుకుంటుంది, బయట జీటీపీ విరగ్గానే వదిలేస్తుంది. ఖర్చంతా ఆ జీటీపీ విరగడంలో ఉంది, రంధ్రం దాటడంలో లేదు. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. వెనక అమ్మాయి తలూపుతోంది, సంతోషం.

ఇప్పుడు అడగండి. జీటీపీ విరగాల్సింది సరిగ్గా ఎక్కడ? కణద్రవ్యంలో ఎక్కడో ఒకచోట అయితే సరిపోతుందా? బయటికొచ్చిన జంట దూరం పోయి, అక్కడ విరిగి, ఇంపార్టిన్ మళ్లీ రంధ్రాన్ని వెతుక్కుంటూ రావాలంటే ఆలస్యం. రంధ్రం నోటి దగ్గరే విరిగితే మేలు. ఆ ఏర్పాటు చేసేదే రాన్‌బీపీ2. దీనికే నప్358 అని ఇంకో పేరు, బరువు 358 కిలోడాల్టన్లు కాబట్టి. రెండు పేర్లూ ఒకటేనని మొదటే రాసుకోండి, లేకపోతే పత్రికల్లో రెండు వేర్వేరు ప్రొటీన్లు అనుకొని చదువుతారు. 1995లో రెండు బృందాలు విడివిడిగా బయటపెట్టాయి.

మనిషి ప్రొటీన్‌లో 3,224 అమైనో ఆమ్లాలు. దీన్ని మొదలు నుంచి చివరిదాకా నడుస్తూ చూద్దాం, ఎందుకంటే దీని పనులన్నీ దీని పొడవునా పరిచి ఉన్నాయి. మొదట్లో ల్యూసిన్ ఎక్కువున్న పెద్ద భాగం. దీంతోనే రంధ్రానికి అతుక్కుంటుంది. ఇంకో పని కూడా దీనికి ఉంది, కాసేపాగి వస్తా. ఆ తర్వాత రాన్‌ను పట్టుకునే మొదటి భాగం. తర్వాత ఎనిమిది జింకు వేళ్లు, అంటే జింకును పట్టుకున్న చిన్న మడతలు. మళ్లీ రాన్‌ను పట్టుకునే భాగాలు, మొత్తం నాలుగు. రెండో, మూడో భాగాల మధ్య కైనెసిన్ అనే మోటారు ప్రొటీన్‌ను పట్టుకునే చోటు. మూడో, నాలుగో భాగాల మధ్య, సుమో అనే చిన్న ప్రొటీన్‌ను వేరే ప్రొటీన్లకు తగిలించే ఎంజైము భాగం. చివర సైక్లోఫిలిన్ (ప్రొటీన్లు మడతపడడానికి సాయపడే ఎంజైము) లాంటి భాగం. మధ్యమధ్యలో ఎఫ్‌జీ జంటలు. ఒక్కో రంధ్రానికి ఇట్లాంటివి 40 అణువులు, ఎనిమిది భాగాలకు ఐదేసి చొప్పున, అని 2022 నాటి నిర్మాణ పరిశోధనల్లో తేలింది. అంత పెద్ద ప్రొటీన్ 40 కాపీలు! ఇంత ఖర్చు పెట్టి కణం దీన్ని ఉంచుకుందంటే ఊరికే ఉంచుకోదు.

రాన్‌గ్యాప్1 అన్నాను కదా, అది విడిగా కణద్రవ్యంలో తేలుతూ ఉంటుంది. దానికి సుమో అనే చిన్న ప్రొటీన్ తగిలించగానే అది రాన్‌బీపీ2కు గట్టిగా అతుక్కుంటుంది. సుమో అనే సంగతే లోకానికి తెలిసింది చాలామటుకు ఈ రాన్‌గ్యాప్1 వల్ల, 1996, 97 ప్రాంతంలో. అంటే జీటీపీ విరగ్గొట్టించే ప్రొటీన్‌ను రంధ్రం నోటి దగ్గర కట్టి ఉంచింది రాన్‌బీపీ2. బయటికొచ్చిన ఇంపార్టిన్, రాన్ జంటను తన నాలుగు చేతులతో పట్టుకొని, పక్కనే ఉన్న రాన్‌గ్యాప్1కు అందిస్తుంది. ఖాళీ అయిన ఇంపార్టిన్ అక్కడే తిరిగి సరుకుకు దొరుకుతుంది.

ఈ సుమో సంగతి ల్యాబులో చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి, యాంటీబాడీతో గుర్తుపట్టే పరీక్ష) చేస్తే రాన్‌గ్యాప్1 రెండు బ్యాండ్లుగా రావాలి, 70 కిలోడాల్టన్ల దగ్గర ఉత్తది, 90 దగ్గర సుమో తగిలినది. చాలామందికి 90 బ్యాండు పలచబడిపోతుంది. ఎందుకు? కణాన్ని పగలగొట్టగానే సుమోను తీసేసే ఎంజైములు విడుదలవుతాయి. వాటిని ఆపడానికి ద్రావణంలో ఎన్-ఇథైల్ మేలిమైడ్ 20 మిల్లీమోలార్ వెయ్యాలి, అప్పటికప్పుడు కలిపి వెయ్యాలి, నిన్నటిది పనికిరాదు. ఇంకోటేందంటే, అదే ద్రావణంలో డీటీటీ అనే రసాయనం వేస్తే అది మేలిమైడ్‌ను తినేస్తుంది. రెండూ వేసి, ప్రయోగం కుదరట్లేదంటే ఎట్లా? డీటీటీ తర్వాత శాంపిల్ బఫర్‌లో వేసుకోండి. ఇక రాన్‌బీపీ2నే చూడాలంటే 10 శాతం జెల్‌లో అది లోపలికే దిగదు. 5 శాతం జెల్, చల్లని గదిలో రాత్రంతా వెట్ ట్రాన్స్‌ఫర్ (ప్రొటీన్లను జెల్ నుంచి పొర మీదికి ఎక్కించడం), మిథనాల్ తగ్గించి. ఎంఏబీ414 అనే యాంటీబాడీ వాడితే రాన్‌బీపీ2తో పాటు రంధ్రంలోని వేరే ప్రొటీన్లు నప్214, నప్153, నప్62 కూడా కనపడతాయి. అందులో అన్నిటికంటే పైన ఉండేదే మనది. పై బ్యాండు ఒక్కటే లేకుండా మిగతా మూడూ వచ్చాయంటే ప్రొటీన్ లేదని రాసుకోకండి, ముందు ట్రాన్స్‌ఫర్‌ను అనుమానించండి.

సరే. ఇప్పుడు దీన్ని తీసేస్తే ఏమవుతుంది? రెండు కాపీలూ లేని ఎలుక పిండం దశలోనే పోతుంది. కణాల్లో తీసేస్తే ఇంపార్టిన్ తిరిగి వాడకానికి రావడం మందగిస్తుంది, లోపలికి పోయే సరుకు తగ్గుతుంది. కానీ తలుపు మూసేసినట్టు ఒక్కసారిగా ఆగదు. ఈ మాట గుర్తుంచుకోండి. దీని రవాణా పని ముఖ్యమే, కానీ రవాణా పూర్తిగా ఆగకముందే వేరే చోట్ల దెబ్బలు కనపడతాయి.

రవాణా అంటే రంధ్రం దాటడం ఒక్కటే కూడా కాదు. కైనెసిన్‌ను పట్టుకునే చోటు ఉందన్నాను. కిఫ్5బీ, కిఫ్5సీ అనే మోటార్లు అక్కడ అంటుకుంటాయి. ఇవి మైక్రోట్యూబ్యూల్ పట్టాల మీద సరుకును కేంద్రకం నుంచి కణం అంచుల వైపు లాగేవి. ఆ భాగం ముక్కను మాత్రమే కణాల్లో ఎక్కువగా తయారు చేయిస్తే ఏమైందంటే, మైటోకాండ్రియా అంచులకు పోకుండా కేంద్రకం చుట్టూ గుమిగూడాయి, వాటి పని కూడా దెబ్బతింది. మీటరు పొడవు ఆక్సాన్ ఉన్న నరాల కణం సంగతి ఊహించండి. చివరన మైటోకాండ్రియా లేకపోతే అక్కడ ఏటీపీ ఎవరిస్తారు? ఇంకో పక్క, కణవిభజనకు కాస్త ముందు బిక్‌డీ2 అనే ప్రొటీన్ ద్వారా డైనీన్ మోటార్లను కేంద్రకం మీదికి రప్పించేది కూడా రాన్‌బీపీ2నే. విభజన సమయంలో రంధ్రాలు విడిపోయాక ఇది రాన్‌గ్యాప్1ను వెంటబెట్టుకొని క్రోమోజోముల కైనెటోకోర్ల (మైక్రోట్యూబ్యూళ్లు పట్టుకునే చోట్ల) దగ్గరికి పోతుంది. అదో పెద్ద సబ్జెక్టు, ఇవాళ అందులోకి పోను.

నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలచుకుంది గ్లూకోజు సంగతి. మొదట ఉన్న ల్యూసిన్ భాగానికి ఇంకో పని ఉందన్నాను కదా, ఇదే.

గ్లూకోజు కణంలోకి వచ్చాక దానికి జరిగే మొదటి పని ఏంది? హెక్సోకైనేజ్ ఏటీపీ నుంచి ఫాస్ఫేటు తీసి గ్లూకోజుకు తగిలిస్తుంది. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ అవుతుంది. చార్జి వచ్చింది కాబట్టి ఇక కణం నుంచి బయటికి పోలేదు. మెదడులో ఈ పని చేసేది ప్రధానంగా హెక్సోకైనేజ్ 1. మన శరీరం బరువులో మెదడు 2 శాతమే, విశ్రాంతిలో వాడే శక్తిలో మాత్రం సుమారు 20 శాతం. అదంతా దాదాపు గ్లూకోజు మీదే. కాబట్టి ఈ ఒక్క ఎంజైము తగ్గితే ముందు ఏడ్చేది మెదడే.

2006లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలోని పాలో ఫెరేరా బృందం ఒక సంగతి బయటపెట్టింది. రాన్‌బీపీ2 ల్యూసిన్ భాగం రెండు ప్రొటీన్లను పట్టుకుంటుంది, ఒకటి కాక్స్11, రెండోది హెక్సోకైనేజ్ 1. కాక్స్11 ఏందంటే, మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌కు రాగి అందించే ప్రొటీన్. దానికీ గ్లూకోజుకూ ఏం సంబంధం? పరీక్షనాళికలో చూస్తే కాక్స్11 హెక్సోకైనేజ్ 1 పనిని అడ్డుకుంటోంది. అందులో రాన్‌బీపీ2 ల్యూసిన్ భాగం కలిపితే ఆ అడ్డు తొలగిపోతోంది. అంటే రాన్‌బీపీ2 ఉన్నంతసేపు హెక్సోకైనేజ్ నిబ్బరంగా పని చేసుకుంటుంది.

పరీక్షనాళికలో జరిగేది జంతువులో జరుగుతుందా? అది కదా అసలు ప్రశ్న. ఎలుకలో రాన్‌బీపీ2 జన్యువు ఒక కాపీ తీసేశారు, ఒకటి ఉంచారు. ఎలుక బతికింది, పిల్లల్ని కన్నది. కానీ ఒకే వంశంలో సంకరం లేకుండా పెంచిన ఎలుకల్లో చూస్తే, కేంద్ర నాడీమండలంలో హెక్సోకైనేజ్ 1 బాగా తగ్గింది, ఏటీపీ తగ్గింది. పెరుగుదల మందగించింది. గ్లూకోజు కణాల్లోకి చేరడంలో లోపం లేదు, కాలేయం కొత్త గ్లూకోజు తయారు చేయడంలోనూ లోపం లేదు. లోపం దాన్ని ఖర్చు పెట్టడంలో. కంటిలో వెలుతురును పట్టే కణాల విద్యుత్ స్పందన కూడా తగ్గింది. ఈ మూడు వాక్యాలు విడదీసి చదవండి. చేరడం బాగుంది, తయారీ బాగుంది, ఖర్చు దగ్గర లోటు. అందుకే వేలు తిప్పకుండా హెక్సోకైనేజ్ మెట్టు మీద పెట్టగలిగారు.

ఎలుక వంశం మాట ఎందుకు ఎత్తానంటే, అది చిన్న విషయం కాదు. జన్యువు ఒక కాపీ పోతే వచ్చే లోపం మిగతా జన్యువుల మీద ఆధారపడి కనపడుతుంది, కనపడకపోతుంది. మనుషుల్లోనూ ఇదే మాట మళ్లీ వస్తుంది, కాసేపట్లో.

ఇంతటితో అయిపోయిందా? లేదు. అదే బృందం ఇంకో సంగతి చూసింది. అదే సగం రాన్‌బీపీ2 ఉన్న ఎలుకల్ని తీవ్రమైన వెలుతురులో పెడితే, వాటి కంటి కణాలు మామూలు ఎలుకల కంటే తక్కువ చెడిపోయాయి. వయసుతో చెడిపోయేదీ తగ్గింది. వింతగా ఉందా? ఒకచోట శక్తి తక్కువైంది, ఇంకోచోట ఒత్తిడి నుంచి రక్షణ దొరికింది. కాబట్టి ఈ ప్రొటీన్ ఎక్కువుంటే మంచిది, తక్కువైతే చెడ్డది అని గీత గీసి చెప్పే వీల్లేదు. ఏ కణం, ఏ ఒత్తిడి, ఎంత మోతాదు, ఈ మూడూ చెప్పకుండా ఫలితం చెప్పకూడదు.

ఇక వైద్య విద్యార్థులు ఎదురుచూస్తున్న మాట. 1995లో జపాన్‌లో మిజుగుచి పిల్లల్లో ఒక జబ్బును వర్ణించారు. అక్యూట్ నెక్రోటైజింగ్ ఎన్‌కెఫలోపతి. ఫ్లూ లాంటి జ్వరం వస్తుంది, ఒకటి రెండు రోజుల్లోనే పిల్లవాడు మగతలోకి, ఫిట్స్‌లోకి, కోమాలోకి పోతాడు. ఎంఆర్ఐ తీస్తే మెదడు లోపల రెండు వైపులా ఉండే థాలమస్ అనే భాగంలో ఒకే తీరున గాయం. ఎక్కువ కేసులు ఒంటరిగా వచ్చేవే. కానీ కొన్ని కుటుంబాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. 2009లో ఆ కుటుంబాల్లో రాన్‌బీపీ2 జన్యువులో మార్పు దొరికింది: 585వ స్థానంలో త్రియొనైన్ పోయి మెథియొనైన్. ఆ 585 ఏ భాగంలో ఉంది? మొదట్లో ఉన్న ఆ పెద్ద భాగంలోనే, కాక్స్11నూ హెక్సోకైనేజ్‌నూ పట్టుకునే పక్కనే. 653, 656 స్థానాల్లో దొరికిన మార్పులూ ఆ భాగంలోనివే.

కానీ తొందరపడి గ్లూకోజు లోపమే కారణం అని రాసేయకండి. ఈ పిల్లలు జ్వరం రానంతవరకు బాగానే ఉంటారు. రాన్‌బీపీ2 మైక్రోఆర్ఎన్ఏల (ఎంఆర్ఎన్ఏ నుంచి ప్రొటీన్ తయారవకుండా అణిచే చిన్న ఆర్ఎన్ఏల) పనిలో కూడా సాయపడుతుంది. ఆ పని నడిపే ఆర్గొనాట్ ప్రొటీన్లతో దీని సంబంధాన్ని పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్‌లోనూ చూపించారు. 2021లో వచ్చిన పరిశోధన ప్రకారం ఈ సాయం తప్పితే ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు సంకేతం మీద పట్టు తప్పుతుంది. ఈ జబ్బులో ఆ సంకేతం ఉప్పెనలా లేస్తుంది కాబట్టి ఈ దారికీ బలం ఉంది. నా అభిప్రాయం అడిగితే, జ్వరంలో మెదడుకు శక్తి ఎక్కువ కావాల్సిన వేళ ఈ రెండు దారులూ కలిసి దెబ్బ తీస్తాయనే అనిపిస్తుంది. అది నా అంచనా మాత్రమే, రుజువైన సంగతి కాదు.

కుటుంబానికి లెక్క చెప్పాల్సి వస్తే ఇట్లా చెప్పండి. ఒక్క కాపీ మారినా జబ్బు రాగలదు, కాబట్టి మార్పు ఉన్న తల్లి లేదా తండ్రి నుంచి పిల్లకు చేరే అవకాశం సగం. చేరినవాళ్లలో జబ్బు కనపడేది సుమారు 40 శాతం మందిలో. రెండూ గుణిస్తే ఐదింట ఒకటి. తాతకు ఏమీ రాలేదు కాబట్టి మా వంశంలో లేదు అనే మాట ఇక్కడ చెల్లదు. ఇందాక ఎలుకల వంశం గురించి చెప్పింది ఇదే. ఇట్లాంటి ఇంట్లో ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం, జ్వరం రాగానే జన్యు పరీక్ష కాగితం చూపించి డాక్టరును కలవడం ముఖ్యం. మెదడు కాండంలో గాయం లేని పిల్లల్లో లక్షణాలు మొదలైన 24 గంటల్లోపు స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లు మెరుగ్గా కోలుకున్నారని జపాన్ అనుభవం. నిర్ణయం పిల్లల డాక్టరుది. దీనిలాగే కనపడే జబ్బులతో తేడాలు మాత్రం మర్చిపోకండి: ఇందులో కాలేయం ఎంజైములు పెరుగుతాయి, రక్తంలో అమ్మోనియా పెరగదు. పిల్లల్లో మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రేస్ సిండ్రోమ్‌లో అమ్మోనియా పెరుగుతుంది. థయమిన్, బయోటిన్ ఇస్తే తగ్గే ఇంకో జబ్బు ఎంఆర్ఐలో దీనిలాగే మోసం చేస్తుంది, అందుకని తేలేదాకా ఆ రెండు విటమిన్లూ ఇవ్వడం ఆనవాయితీ.

ముందు వరసలో బాబు చీటీ పంపాడు. "ఎలుకలు, జన్యుమార్పులు మన కాలేజీలో కుదరవు కదా, ఇందులో మేం చేయగలిగింది ఏమన్నా ఉందా?" ఉంది. హెక్సోకైనేజ్ కొలవడానికి 340 నానోమీటర్ల దగ్గర చదివే స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. క్వార్ట్జ్ క్యూవెట్ కూడా తప్పనిసరి కాదు. మేక మెదడు వాడండి. అప్పుడే కోసింది, మంచు డబ్బాలో పెట్టి తేవాలి. గంట సేపు ఎండలో సంచిలో తెచ్చింది పనికిరాదు.

చల్లని 0.25 మోలార్ సుక్రోజులో నూరండి. సెంట్రిఫ్యూజ్‌లో 1,000 జీ (గురుత్వానికి వెయ్యి రెట్లు) దగ్గర పది నిమిషాలు తిప్పితే కేంద్రకాలు, ముక్కలు అడుక్కి పోతాయి. పైది తీసి 12,000 జీ దగ్గర పావుగంట తిప్పితే మైటోకాండ్రియా అడుక్కి వస్తుంది. మెదడు హెక్సోకైనేజ్ 1లో పెద్ద భాగం దానికే అంటుకొని ఉంటుంది. పైద్రవంలో కొంచెం, అడుగున ఎక్కువ చూపించాలి. అడుగుదాన్ని కొలిచేముందు 0.5 శాతం ట్రైటాన్ వెయ్యండి, లేకపోతే ఉన్నదంతా కనపడదు.

కొలత ద్రావణంలో ట్రిస్ బఫర్, మెగ్నీషియం క్లోరైడ్ 10 మిల్లీమోలార్, గ్లూకోజు 5, ఏటీపీ 5, దాంతో పాటు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్. హెక్సోకైనేజ్ చేసిన గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌ను ఈ డీహైడ్రోజినేజ్ మారుస్తూ, ద్రావణంలో వేసిన ఎన్ఏడీపీని ఎన్ఏడీపీహెచ్‌గా (ఎన్ఏడీ వేస్తే ఎన్ఏడీహెచ్‌గా) చేస్తుంది; 340 దగ్గర మనం చదివేది దాన్నే. ఇక్కడ రెండు చోట్ల తప్పులు జరుగుతాయి. ఒకటి, ఏటీపీ పొడిని నీళ్లలో కలిపితే అది పులుపు. సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7కు తేకుండా వేస్తే కొలత పీహెచ్ పడిపోతుంది. రెండోది అంతకంటే పెద్దది. ఎన్ఏడీపీ వాడితే, కణజాలంలోనే ఉన్న ఇంకో ఎంజైము అవతలి మెట్టులో మరో ఎన్ఏడీపీహెచ్ చేసి పెడుతుంది, మీ లెక్క రెట్టింపు దాకా పోతుంది. ల్యూకోనొస్టాక్ బ్యాక్టీరియా నుంచి తీసిన డీహైడ్రోజినేజ్ తెప్పించుకోండి. అది ఎన్ఏడీతో పని చేస్తుంది, ఆ రెండో ఎంజైము ఎన్ఏడీని ముట్టదు. ఏటీపీ వేయకుండా రెండు మూడు నిమిషాలు రీడింగు చూసి, ఆ తర్వాత ఏటీపీతో మొదలుపెట్టండి. ఒక మిల్లీలీటరు, ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో రీడింగు నిమిషానికి 0.0622 పెరిగితే నిమిషానికి 0.01 మైక్రోమోల్ గ్లూకోజు మారినట్టు.

ఇంకాస్త ముందుకు పోవాలంటే, కడిగిన మైటోకాండ్రియాను ఒక మిల్లీమోలార్ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌తో అరగంట ఉంచి మళ్లీ తిప్పండి. హెక్సోకైనేజ్ ఊడి పైద్రవంలోకి వస్తుంది. కానీ ఆ పైద్రవాన్ని నేరుగా కొలిస్తే మిగిలిన గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్‌కు దొరికి, హెక్సోకైనేజ్ లేకపోయినా రీడింగు ఎగిరిపోతుంది. పైగా అదే పదార్థం హెక్సోకైనేజ్‌ను అణిచేస్తుంది. అందుకని ముందు డయాలిసిస్ సంచిలో వేసి, చల్లని బఫర్ రెండుసార్లు మార్చి, ఆ తర్వాతే క్యూవెట్‌లో పొయ్యండి.